తెర అడుగున మాటలు

వాసీ తాత నీటిగుర్రాలను కాడికి కట్టి చెరకుతోట దున్నాడు. దక్షిణాఫ్రికాలో డర్బన్ పక్కనున్న చాట్స్‌వర్త్‌లో వాసీ ఉండే వీధిలో ఏ ఇంటి తలుపు తట్టినా ఈ సంగతి చెబుతారు. నమ్మి కాదు, వినీ వినీ నోటికి వచ్చేసి. వాసీ పుట్టింది సీ కౌ లేక్‌లో. సీ కౌ అంటే నీటిగుర్రమే. ఒకప్పుడు అక్కడి మడుగుల్లో నీటిగుర్రాలు దొర్లేవట, ఊరికి ఆ పేరు అందుకే వచ్చిందట. వాసీ పుట్టేనాటికి వాటి తోక వెంట్రుక కూడా మిగల్లేదు. అంతమాత్రాన తాతగారి సేద్యం ఆగుతుందా?

“ఎడం పక్క దానికి రాముడని పేరు. శనారం శనారం ఉపాసం. గడ్డేసినా ముట్టేది కాదు. పెరుమాళ్ళ మొక్కుంది మరి,” అనేవాడు వాసీ, మిల్లుకు పోయే బస్సులో నిలబడి. బస్సంతా ఊగిపోయేది.

ఇంటికొచ్చి అదే కథకు రెండో గుర్రాన్ని కూడా జోడించి చెబితే, భార్య అంబీ పొయ్యి మీది గిన్నెతో అనేది: “ఇన్నావేటే గిన్నీ? తాత నీటిగుర్రాలకే దుక్కి నేర్పినాడంట. మనవడు మటుకు కొత్తిమీర కట్ట తేవడం మరిసిపోనాడు.”

వాసీ తక్కువవాడా? గుమ్మంలో పడుకున్న కుక్కతో అనేవాడు: “రేపు తెత్తానని సెప్పరా ఆ గిన్నితోటి.”

మర్నాడు కొత్తిమీర వచ్చేది. ఒక కట్ట కాదు, మేకకు వేసినంత.

వాళ్ళ కాపురం భాష అది. నేర్పిపోయింది వాసీ తల్లి కొండమ్మ. ఆ ఇంట్లో ఆడవాళ్ళ కష్టం మగవాడి మొహాన పడకూడదు, గిన్నె మీద పడాలి. కొత్తకోడలు అంబీ కుడికాలు పెట్టి లోపలికి వచ్చిన రోజునే కొండమ్మ వంటింట్లోకి తీసుకుపోయి చెప్పింది: “నెప్పొచ్చినా, కోపమొచ్చినా మొగుడి మొకమ్మీద సెప్పకే అమ్మా. ఇంటి దీపం సిన్నబోతాది. గిన్నికి సెప్పు. ఆడు ఇంటాడు. సెవులున్నోడే కదా!”

నిజమే. అప్పటికి చెవులున్నవాడే. కత్తి మొండిదైందని అంబీ గిన్నెకు చెబితే తెల్లారేసరికి కత్తి తళతళలాడేది. మొదటి కానుపు ముందు భయంగా ఉందని గిన్నెకు చెబితే, వాసీ ఆ వారం మిల్లుకు నామం పెట్టి, కుక్కతో కబుర్లు చెబుతున్నట్టు ఆమె చుట్టూనే తిరిగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఒక్క మెత్తని మాట అనుకోకుండా బంగారంలాంటి సంసారం చేశారు ఇద్దరూ. సీ కౌ లేక్ నుంచి తెల్లవాళ్ళ ప్రభుత్వం వాళ్ళను లేపేసి చాట్స్‌వర్త్ కొండ వాలులో అగ్గిపెట్టె ఇంట్లో పడేసినప్పుడు కూడా, సామాను లారీలో గిన్నెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అంబీ దానితోనే అంది: “ఏడవకే. ఆడుంటే ఇల్లే.”

మాట దాటించడం ఆమెకు పెళ్లికి ముందు నుంచే అలవాటనుకోండి. వాళ్ళిద్దరూ కలిసింది నేతమిల్లులో. మగ్గాలు ఒక్కసారి మొదలైతే హిందూ మహాసముద్రం జడిసి నాలుగడుగులు వెనక్కి జరిగేదని వాసీ అంచనా. అక్కడ గొంతుతో పని లేదు. పెదాలు పెద్దవి చేసి, కనుబొమ్మలు ఎగరేసి, చేతులు తిప్పి మాట్లాడుకునేవారు. జూలూవాళ్ళయినా మనవాళ్ళయినా అందరిదీ అదే మిల్లుమాట. మీసం మెలేస్తే సూపర్‌వైజర్ వస్తున్నాడని. చిటికెనవేలు వంచితే పోగు తెగిందని. అంబీ కండెలు చుట్టే చోట పని చేసేది. వాసీ తన మగ్గం పక్కనుంచి పెదాలు సాగదీసి అడిగాడు: “నన్ను పెళ్లి సేసుకుంటావా?” ఆమె చేతిలో కండెను మొహం ముందు పెట్టుకుని, దానితో అంది: “ఈడికి మగ్గమ్మీద పేక తిన్నగా రాదు గానీ పెళ్లాం కావాలంట.” షెడ్డు షెడ్డంతా పెదాలు చదివింది. ఇక వెనక్కి పోవడానికి దారెక్కడిది?

మగ్గం మాత్రం ఊరికే జీతమివ్వదు. ఇచ్చిన దానికి సరిపడా చెవుల్లోంచి తవ్వుకుంటుంది. ముందు పిట్టలు మూగబోయాయి. తర్వాత వాన. తర్వాత కూతురు సావీ పాఠం అప్పజెప్పే గొంతు. ఆ పిల్ల పెళ్లయి ఆషర్‌విల్ కాపురానికి పోయేటప్పుడు కారు దగ్గర ఏం చెప్పి ఏడ్చిందో వాసీకి తెలియదు. కన్నీళ్ళవల్ల మూతి వంకరైతే పెదాలు చదవడం కష్టం.

ఆఖరికి గిన్నె కూడా మూగబోయింది. అంబీ దానితో అంటూనే ఉందేమో, మానేసిందేమో. అటు తిరిగి పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి పెదాలు ఎవరికి కనిపిస్తాయి? ఇటు తిరిగి అతనితో మాట్లాడేవి అన్నం, మందు, కరెంటు. కష్టం మొహమ్మీద చెప్పకూడదని అత్తగారి ఆజ్ఞ ఉండనే ఉంది. పెళ్లాం సణుగుడు మానేసిందని, మొదట్లో వాసీ మిల్లులో గొప్పలు చెప్పుకున్నాడు కూడా.

కథలు చెప్పేవాడికి చెవుడొస్తే పోయేది చెవులు కాదు, నోరు. నీటిగుర్రం ఎక్కడ మోకాళ్ళ మీద కూలబడితే జనం నవ్వుతారో అక్కడ ఆగి చూస్తే, అందరూ నవ్వేసి ముందుకు పోయి ఉంటారు. ఎవడో ఎదురు చురక వేస్తే ఇతనికి తగలదు. తగలని చురకకు జవాబు ఎక్కడినుంచి తెస్తాడు? మెల్లగా వీధివాళ్ళు చెయ్యి ఊపి పోవడం నేర్చుకున్నారు. వాసీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, కొండ కిందికి దొర్లే టాక్సీలను చూస్తూ, గోడమీద బల్లిలా ఉండిపోయాడు.

అలాంటప్పుడు ఇంటికి పెట్టె వచ్చింది.

మిల్లు మనుషులను తగ్గించుకుంటూ వాసీని కూడా సాగనంపింది. ఆ సాగనంపిన డబ్బుతో పైకప్పు వేయించుకుంటాడని అందరూ అనుకున్నారు. వాసీ కోస్ట్‌లైట్ కంపెనీ పెట్టె కొన్నాడు. టీవీ పక్కన పెట్టే నల్లటి పెట్టె. దాని మీద ఆకుపచ్చ మీట. అది నొక్కితే తెర మీద మనుషులు మాట్లాడే ప్రతి మాటా అడుగున తెల్లటి అక్షరాల్లో పడుతుంది. అట్టపెట్టె మీదే వేశాడు కంపెనీవాడు, సోఫాలో నవ్వుతున్న ముసలాయన బొమ్మా, కింద పెద్ద అక్షరాలూ: ప్రతి మాటా మీ కళ్ళముందు.

బడిని వాసీ సగంలోనే వదిలేశాడు, లేదా బడే వాసీని వదిలించుకుంది. ఇంగ్లీషు అక్షరాలను మొదట కూడబలుక్కునేవాడు. నెల తిరిగేసరికి మగ్గంలో పేక దూసుకుపోయినట్టు చదివేస్తున్నాడు. అంబీకి చదవడం రాదు, వినగలదు. వాసీ వినలేడు, చదవగలడు. ఇద్దరూ కలిస్తే ఒక నిండు మనిషి.

సాయంత్రం అన్నాలయ్యాక ద్రాక్షతోటల ఇంటి సీరియల్ వచ్చేది. అందులో ఒక గొప్పింటి ఇల్లాలు. మొదటిసారి పచ్చగౌనులో కనిపించింది గనక తర్వాత ఏ రంగు కట్టినా వీళ్ళకు పచ్చగౌను దొరసానే. ఆమె మొగుడు బ్యాంకు మొహంవాడు. సీరియల్ అయ్యాక అసలు నాటకం మొదలయ్యేది.

“ఆవిడిదే తప్పు,” అనేవాడు వాసీ.

“తప్పంట! ఆడు రేత్రంతా ఏడకెల్లినాడో అడగద్దేటి?” అని అంబీ ఇతని వైపు తిరిగి, పెదాలు పెద్దవి చేసి, చేతులు తిప్పి మిల్లుమాటలో విరుచుకుపడేది.

“ఐకోనా! కానే కాదు! ఆడు తోటకెల్లినాడు. సూడ్లేదా, అడుగున రాసినాడు!”

“అడుగున రాసిందంతా నిజిమేటి? నీ తాత గుర్రాలూ రాసీగలరు!”

ఎన్నేళ్ళకో మళ్ళీ అతనికి చురక తగిలింది. వాసీ ఆ రాత్రి నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

ఓట్ల ఏడు వచ్చింది. ఆ దేశంలో మొదటిసారి తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ మనవాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఓటు వేశారు. వేలికి కంటికి కనపడని సిరా పూశారు. “కనపడని సిరా అంట. నాకు ఇనపడని బాజాలాగ,” అని వాసీ వరసను నవ్వించాడు. ఫలితాలు అడుగున తెల్లటి అక్షరాల్లో పడుతుంటే చదవడం, గేటు దగ్గరికి ఉరికి వీధికి చాటడం. రేడియోలున్న ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి చెవిటి వాసీని అడిగారు, లెక్క ఎంతదాకా వచ్చిందని. ఊరికి కబురు చెప్పే మనిషయ్యాడు. రాజ్యం మారింది సరే, తన మాట తనకు తిరిగొచ్చిందే అనుకున్నాడు వాసీ. అతని స్వరాజ్యం ఆకుపచ్చ మీటలో ఉంది.

అది రెండేళ్ళు నడిచింది. ఒక సాయంత్రం పచ్చగౌను దొరసాని మేడమెట్ల మీద నిలబడి నోరు తెరిచింది. అడుగున ఏమీ రాలేదు. మీట నొక్కాడు. పీకి పెట్టాడు. పెట్టె నెత్తిన ఒకటిచ్చాడు. గోడెక్కి యాంటెన్నా తిప్పాడు. బొమ్మ మటుకు మునుపటికంటే నిగనిగలాడుతోంది. మర్నాడు తెర మీద కంపెనీ ప్రకటన కనిపించింది: మీ కోసం మెరుగుపరిచాం.

వాసీ పెట్టెను దిండు గలీబులో మూటకట్టి, అంబీని వెంటబెట్టుకుని టాక్సీలో డర్బన్ టౌనుకు పోయాడు. కోస్ట్‌లైట్ ఆఫీసులో మెడకు టై బిగించుకుని రాడ్నీ అనే గుమాస్తా కూర్చున్నాడు. వాసీ మూట విప్పి బల్ల మీద పెట్టాడు.

“మాటలు పోయినాయి.”

రాడ్నీ ఏదో చెప్పాడు. పెదాలు కదపకుండా మాట్లాడే రకం. వాసీ భార్య వైపు చూశాడు. ఆమె మిల్లుమాటలో అందించింది: “పెట్టి సెడిపోలేదంట. ఆళ్ళే తీసీనారంట. బొమ్మ బాగుండాలని.”

“తీసీనారా? నేను కొన్న పెట్టిలోంచా?” వాసీ గొంతు ఎంత లేచిందో వాసీకి తెలియదు. ఆఫీసులో తలలన్నీ తిరగడం చూసి తెలుసుకున్నాడు. “ఇను బాబూ. నేను నేతగాడిని. నీకొక కోటు అమ్మినాను. నువ్వు తొడుక్కుని తిరుగుతున్నావు. ఒక రేత్రి నేను నీ ఇంట్లో దూరి, కోటు సేతులు రెండూ కత్తిరించి పట్టుకుపోయి, తెల్లారి ‘కోటు తేలికైనాది, మెరుగు సేసినాను’ అంటే నువ్వేటంటావు?”

రాడ్నీ చాలాసేపు మాట్లాడాడు. చేతులు తిప్పాడు, కాగితం చూపించాడు, గడియారం చూసుకున్నాడు. అంబీ పెదాల మీదికి వచ్చేసరికి అదంతా రెండు ముక్కలైంది: “పెట్టి నీదంట. మాటలు ఆళ్ళవంట.”

“ఇంతసేపు అదేనా అన్నాడు?”

“అదే. పాపం, కుర్రోడు బాదపడతన్నాడు,” అంది అంబీ. ఆమె చెవులు మాత్రం ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎండ అనుకున్నాడు వాసీ.

ఆ కబురు ఇవోన్ చెవిన పడింది. చాట్స్‌వర్త్ లైబ్రరీలో శనివారాలు బల్ల వేసుకుని కూర్చుని, జనం గోడు విని దారి చూపించే మనిషి. ఇళ్ళు ఖాళీ చేయించే రోజుల్లో అధికారులను గుమ్మంలోంచే తిప్పి పంపిన ఘటికురాలు. ఆమె వాసీకి ఎదురుగా కూర్చుని, పెదాలు తిన్నగా కదుపుతూ అడిగింది: “అంకుల్, అట్టపెట్టె పారేశారా?”

“పారేత్తానా? దాంట్లో ఉల్లిపాయలు పోసుకున్నాం.”

“ఉల్లిపాయలు తీసి నాకిచ్చేయండి. ఏం ఇస్తామని దాని మీద వేసి అమ్మారో అది ఇవ్వాలి. అమ్మేశాక వెనక్కి లాక్కునే హక్కు ఏ కంపెనీకీ లేదు. కాకపోతే, అంకుల్, మన కొత్త హక్కులు కొత్త ఎద్దుల్లాంటివి. కాడికి అలవాటు పడటానికి టైం పడుతుంది.”

“నా దగ్గిర నీటిగుర్రాలున్నాయమ్మా. కావలిస్తే పంపుతాను,” అన్నాడు వాసీ.

ఇవోన్ నవ్వి పనిలో దిగింది. మిల్లులు చెవుడు చేసి వదిలిన మనుషులు ఆ కొండల్లో తక్కువేం లేరు. అలాంటి పెట్టెలు కొన్నవాళ్ళను ఒక్కొక్కరినే పోగేసింది. అర్జీలు పోయాయి, విచారణలు వాయిదా పడ్డాయి, ఇవోన్ పట్టు వదల్లేదు. కాని సీరియల్ ఆగదు కదా. ప్రతి సాయంత్రం వచ్చేస్తోంది. వాసీ తెర ముందు కూర్చుని, నోళ్ళు తెరిచి మూసే బొమ్మలను చూస్తూ పళ్ళు నూరేవాడు. మళ్ళీ గేటు దగ్గర కుర్చీ పడింది.

కుర్చీ పడిన మూడో రోజో నాలుగో రోజో అంబీ పాల డబ్బాల క్రేటు ఒకటి తెచ్చి టీవీ పక్కన బోర్లించింది. దాని మీద కూర్చుంది. తెరకు వీపు పెట్టి, మొగుడికి మొహం పెట్టి.

“ఏటే ఇది?”

“మాటలు కావాలన్నావు గదా,” అంది పెదాలతో. “కూకో.”

సీరియల్ మొదలైంది. అంబీ వెనకనుంచి వింటూ, విన్నది విన్నట్టు మిల్లుమాటలో మొగుడికి అందించసాగింది. బ్యాంకు మొహంవాడికి మీసం మెలేసేది. దొరసానికి మెడ నిక్కించేది. నౌకరు వస్తే భుజాలు కుదించేది. కంపెనీవాడి తెల్లటి అక్షరాలకు ఇంత అందం ఎక్కడిది? అవి ఏడవలేవు, మూతి విరవలేవు. వాసీ రెండు చేతులూ చరిచి నవ్వాడు. ఆమె తను ఇక సీరియల్ చూడటం లేదని, చూపిస్తోందని, అతనికి తట్టనే లేదు. కడుపు నిండినవాడికి వడ్డించేవాళ్ళ ఆకలి కనపడుతుందా?

కొన్నాళ్ళకు పచ్చగౌను దొరసానికి మాటలు ఎక్కువయ్యాయి.

“ఇన్ని గదులున్నాయి,” అంది ఒక సాయంత్రం, అంబీ పెదాల మీద. “నాతోటి మాటాడే గది ఒక్కటీ లేదు.”

“ఒక గది అద్దెకిచ్చుకోమను,” అన్నాడు వాసీ.

అంబీ మీసం మెలేసి ముందుకు పోయింది.

ఇంకో సాయంత్రం దొరసాని కిటికీ దగ్గర నిలబడి అంది: “మా ఆయన లోకానికంతా కథలు సెప్తాడు. ఆటిల్లో నీటిగుర్రాలుంటాయి, కుక్కలుంటాయి. నేనుండను.”

“కుక్కలా? ఆ బ్యాంకు మొకానికి కథలు కూడానా?” అని వాసీ ఆశ్చర్యపోయాడు. “ఆడు కుక్కని పెంచినట్టే లేదే!”

“ఎనకటి భాగంలో ఉన్నాది. నువ్వు నిద్రపోనావు,” అంది అంబీ.

ఆమధ్య ఒకరోజు తెరమీద దొరసాని కిటికీ పక్కనే నిలబడి, ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని ఉంది. అంబీ ఒకసారి వెనక్కి తిరిగి తెర చూసి, తనూ ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. పెదాలు మెల్లగా కదిలాయి: “ఈడ రాయెట్టినట్టుంటాది. రోడ్డుమీంచి మెట్లెక్కి ఇంటికొచ్చేతలికి ఊపిరాడదు. ఎడం సెయ్యి లాగేత్తాది. ఎవులికీ సెప్పలేదు.”

వాసీకి మండింది. కుర్చీలోంచి సగం లేచి ఆ బ్యాంకు మొహాన్ని తిట్టాడు. “ఎర్రి నాయాల! పెల్లాం మొకం రోజూ సూత్తన్నాడు గదా! సూత్తే తెల్దేటి? కళ్ళు పోయినాయా ఆడికి?”

అంబీ చెయ్యి దించలేదు. అతని మొహంలోకి చాలాసేపు చూసింది.

“సూత్తాడు,” అన్నాయి పెదాలు. “ఆడి సూపు బొమ్మమీదుంది.”

“మరేటంది ఆవిడ?”

“ఏటీ అన్లేదు. కారెక్కి ఎల్లిపోనాది.”

చలికాలం చివర ఒక పొద్దున అంబీ బట్టల బకెట్టు పట్టుకుని మెట్లెక్కుతూ, సగంలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. వాసీ గేటు దగ్గర కుర్చీలోనే ఉన్నాడు, వీధి వైపు తిరిగి. ఆమె పిలిచిందో లేదో. వీధిలో పోయేవాళ్ళు పరుగెత్తుకురావడం చూసి వెనక్కి తిరిగాడు.

సావీ వచ్చింది. పన్నెండో రోజు దాకా ఉంది. ఆ రోజుల్లోనే క్లినిక్ నర్సు ఎవరో చెప్పారట, అంబీ గుండెనొప్పితో అక్కడికి వచ్చేదని, పెద్దాసుపత్రికి పొమ్మంటే నవ్వి ఊరుకునేదని. సావీ తండ్రి ముందు కూర్చుని, ఏడుపు ఆపుకుని, పెదాలు తిన్నగా ఉంచి అడిగింది: “నాన్నా, అమ్మ నీకు చెప్పలేదా?”

“సెప్పలేదు.”

“ఒక్కసారి కూడా?”

“దీపమ్మీద ఒట్టు. ఒక్క ముక్కన్లేదు!”

ఆ మాట అన్నప్పటినుంచి వాసీ దుఃఖం కోపమై గడ్డకట్టింది. ఇంత జబ్బు కడుపులో పెట్టుకుని తనకు చెప్పకుండా పోయింది. పరాయి నర్సుకు చెప్పింది. గోడమీద దండ వేసిన ఫొటో ముందుకు పోతే మొహం పక్కకు తిప్పుకునేవాడు. వంటింట్లో గిన్నెను మేకుకు బోర్లా తగిలించేశాడు. వీధిలో ఎవరైనా పలకరిస్తే ఒకటే మాట: “నాతో సెప్పలేదు.” నీటిగుర్రాలు ఏ మడుగులో మునిగాయో, మళ్ళీ తేలలేదు. సావీ ఆషర్‌విల్ రమ్మంటే రానన్నాడు. ఆ కోపాన్ని ఆ ఇంట్లో తప్ప ఇంకెక్కడా పడుకోబెట్టడానికి చోటు లేదు.

ఏడాది గడిచాక ఇవోన్ గెలిచింది. అమ్మిన వస్తువులోంచి అమ్మినవాడు దేన్నీ వెనక్కి లాక్కోకూడదని విచారణలో తేల్చారు. కోస్ట్‌లైట్‌వాళ్ళు పాత పెట్టెలన్నిటికీ మాటలు తిరిగి ఇవ్వాలన్నారు. ఇవోన్ స్వయంగా వచ్చి ఆకుపచ్చ మీట నొక్కింది. నల్లటి పట్టీ మీద తెల్లటి అక్షరాలు వచ్చేశాయి, ఎక్కడికీ పోనట్టు. ఆమె చప్పట్లు కొట్టింది. వాసీ తల ఊపాడు, మర్యాదకు.

అప్పుడు మధ్యాహ్నాలు ద్రాక్షతోటల సీరియల్ పాత భాగాలు మళ్ళీ వేస్తున్నారు. వాసీ చూసేవాడు. వేరే పనేముంది? పాల క్రేటు టీవీ పక్కనే ఉంది, దాన్ని జరపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

ఒక మధ్యాహ్నం పచ్చగౌను దొరసాని కిటికీ దగ్గరికి వచ్చింది. ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. వాసీ గుర్తుపట్టాడు. బ్యాంకు మొహాన్ని తను తిట్టిన చోటు ఇదే. ముందుకు వంగాడు. ఇప్పుడు అంటుంది, రాయి పెట్టినట్టుందని, మెట్లెక్కలేనని. దొరసాని నోరు తెరిచింది. అడుగున అక్షరాలు పడ్డాయి:

ఈ కర్టెన్లు వెలిసిపోయాయి. కొత్తవి కుట్టించాలి.

పేపరు చదువుతున్న మొగుడు తల ఎత్తలేదు: నీ ఇష్టం.

రొమ్ము మీది చెయ్యి ముత్యాల గొలుసు సర్దుకుని దిగింది. అంతే. దృశ్యం మారిపోయింది.

కంపెనీవాడు తప్పు కొట్టాడనుకున్నాడు వాసీ. రెండేళ్ళు మాటలు మింగినవాడు రెండు మాటలు తారుమారు చేయడా? మర్నాడు కాచుకుని కూర్చున్నాడు. ఆ మర్నాడు కూడా. గదులున్నాయి గాని మాట్లాడే గది లేదన్న దొరసాని, అడుగున అక్షరాల్లో డ్రైవర్‌ను పిలవమంది. కథలు చెప్పే మొగుడు ఎక్కడా లేడు. కుక్క అసలే లేదు. ఆ బ్యాంకు మొహంవాడు ఏ భాగంలోనూ ఎవరికీ ఏ కథా చెప్పలేదు.

తెర మీద బొమ్మలు నడుస్తూనే ఉన్నాయి. వాసీ చూపు తెర మీద లేదు. పాల క్రేటు మీద ఉంది.

అంబీ తిన్నగా తన మొహంలోకి చూస్తూ చెప్పింది. గిన్నె మూగబోయిందని వేరే గిన్నె వెతుక్కుని, పచ్చగౌను కట్టి, రోజూ సాయంత్రం చెప్పింది. తను ఆ మొహం చూస్తూనే కళ్ళు పోయాయా ఆడికని ఎవరినో తిట్టాడు.

ఆ శనివారం ఇవోన్ కేకు పట్టుకుని వచ్చింది. “మాటలు సరిగ్గా పడుతున్నాయా, అంకుల్?”

“పడతన్నాయమ్మా. ఒక్కటీ పొల్లుపోకుండా,” అన్నాడు వాసీ.

ఆమె వెళ్ళాక టీవీ ఆపేశాడు. వంటింట్లోకి పోయి మేకుకు వేలాడుతున్న గిన్నెను దింపాడు. పైపంచెతో దుమ్ము తుడిచి, పొయ్యి మీద తిన్నగా పెట్టాడు. జవాబు కుక్కకు చెప్పి పంపే అలవాటు. కుక్క పోయి చాలా కాలమైంది. తనే చెప్పుకోవాలి.

“గిన్నీ,” అన్నాడు. గొంతు ఎంత లేచిందో, అసలు లేచిందో లేదో తెలియదు. “ఆ దొరసానితోటి సెప్పు. రేపు పొద్దున్నే డాక్టరు కాడికి తీసికెల్తాడంట. మెట్లమీద సెయ్యి పట్టుకుంటాడంట.”

చెప్పి, ఖాళీ గిన్నె అంచు కేసి చూస్తూ నిలబడ్డాడు, పెదాలు చదవడం అలవాటైన మనిషి.